సూర్యచంద్రుల గుర్తు కింద నిధి ఉండదు

తెలుగు ఛానెళ్లలో చరిత్ర రహస్యాల కార్యక్రమాలు నడిపే యాంకర్లకు, స్క్రిప్టు రాసేవారికి, ప్రొడ్యూసర్లకు

నమస్కారం.

పాఠ్యపుస్తకంలో రెండు పేరాల్లో అయిపోయే కాకతీయుల కథను పాడుబడ్డ గుడి ముందు నిలబడి మీరు చెబుతుంటే ఇంటిల్లిపాదీ కూర్చుని వింటారు. శాసనాలు చదివేవాళ్ళు ఎన్ని వ్యాసాలు రాసినా అంతమందికి చేరవు. ఆ బలం మీ చేతుల్లో ఉంది కాబట్టే ఈ లేఖ మీకు రాస్తున్నాం. మా కోరిక ఒక్కటే. రాయి మీద ఏముందో ముందు చదివించండి. చదివాక కూడా తేలనిదేదైనా మిగిలితే దాన్నే రహస్యమనండి. చదవకముందే రహస్యం అనేస్తే ఆ ఎపిసోడ్ చూసినవాళ్ళలో ఒకరో ఇద్దరో గడ్డపార పట్టుకుని అక్కడికి బయల్దేరుతున్నారు.

ముందుగా, మీ కెమెరా తరచూ ఆగే బొమ్మ సంగతి. పొలం గట్టునో గుడి వెనకో పాతిన రాతిపలక పైభాగంలో గుండ్రటి సూర్యుడు, నెలవంక, మధ్యలో లింగం, పక్కన ఆవూ దూడా ఉంటాయి. ఒక్కోసారి కత్తి కూడా ఉంటుంది. "ఈ గుర్తులు దేనికి సంకేతం?" అని వాయిస్ ఓవర్ అడుగుతుంది. జవాబు ఆ రాతి మీదే, కింది పంక్తుల్లో ఉంటుంది: ఆచంద్రార్కం. అది భూమిని దానమిచ్చినట్టు రాసిన రాయి. చంద్రుడు, సూర్యుడు ఉన్నంతకాలం ఈ దానం చెల్లుతుందని అర్థం. అక్షరం రానివాడికి కూడా ఆ మాట తెలియాలని పైన బొమ్మగా చెక్కారు. చక్రం, శంఖం ఉన్న పొట్టి రాయి విష్ణ్వాలయ మాన్యానికి హద్దు. త్రిశూలమో నందో ఉంటే అది శివాలయ మాన్యం. గొడుగు పట్టిన వామనుడుంటే బ్రాహ్మణులకిచ్చిన భూమి పొలిమేర. ఆయుధం ఎత్తిన మనిషి, పైన అతన్ని స్వర్గానికి తీసుకుపోతున్న అప్సరసలు ఉంటే అది పోరులో పోయినవాడి వీరగల్లు. జంట పాములు సంతానం కోసం మొక్కుకున్నవాళ్ళు నిలబెట్టిన నాగశిలలు.

వీటిలో ఏదీ నిధికి దారి చూపే గుర్తు కాదు. హద్దురాయి నలుగురికీ కనబడాలని పాతేది, దాచిన సొమ్ముకు ఆనవాలుగా అంతకంటే పనికిరాని చోటు ఉండదు. అయినా గుప్తనిధుల ముఠాలు తవ్వేది వీటి కిందే. పలక నిలబడాలంటే కొంత భాగం నేలలోకి దిగి ఉండాలి. చుట్టూ మట్టి తీసేసరికి అది ఒరిగి, పడి, విరుగుతుంది. శాసనం పైనుంచి కిందికి నడుస్తుంది కాబట్టి దానమిచ్చిన పొలం కొలతలు, సాక్షులు, రాసినవాడి పేరు కింది భాగంలో ఉంటాయి. ముందు పోయేది అవే. ఊరి పాత చెరువు ఎవరు తవ్వించారో, ఏ కులవృత్తివాళ్ళు ఏ పన్ను కట్టారో చెప్పే ఆధారం మళ్ళీ దొరకదు.

మీ కార్యక్రమాల్లో "శాపం" అనే మాట కూడా తరచూ వినిపిస్తుంది. దానశాసనం చివర దాదాపు ఎప్పుడూ ఉండే శ్లోకం ఇది: "స్వదత్తాం పరదత్తాం వా యో హరేత వసుంధరాం, షష్టిర్వర్ష సహస్రాణి విష్ఠాయాం జాయతే క్రిమిః." తానిచ్చినదైనా ఒకరిచ్చినదైనా సరే, ఆ భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్ళు అశుద్ధంలో పురుగై పుడతాడని భావం. తెలుగులో అయితే గంగ ఒడ్డున కపిలగోవును చంపిన పాపాన పోతారని ఉంటుంది. ఇది భూకబ్జాదారుడికి చేసిన హెచ్చరిక. ఇప్పటి దస్తావేజుల్లో చివరి షరతు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. వందల శాసనాల్లో ఇదే శ్లోకం కనిపిస్తుంది. దాన్ని ఒక్క గుడికి పట్టిన శాపంగా చూపిస్తే, ఆ రాయి అసలు చెబుతున్న విషయం, అంటే ఎవరి భూమి ఎవరికి వెళ్ళిందన్నది, తెరమీదికే రాదు.

ఇంకో ప్రమాదం "నిధి" అనే మాటతోనే ఉంది. శ్లోకంలో రాసిన శాసనాల్లో శక సంవత్సరాన్ని అంకెల్లో కాక మాటల్లో చెబుతారు. శశి అంటే 1, నేత్రం 2, గుణం 3, వేదం 4, బాణం 5, రసం 6, గిరి 7, వసువు 8, నిధి 9, గగనం సున్నా. వీటిని కుడి నుంచి ఎడమకు చదవాలి. "వేద వసు గగన శశి" అని రాస్తే వరసగా 4, 8, 0, 1. తిరగేస్తే 1084. గిరి, నిధి పక్కపక్కన కనిపించాయంటే ఆ కొండలో సొమ్ము దాచారని కాదు, అవి 7, 9. సంస్కృతం కొంచెం తెలిసినవాళ్ళే ఇక్కడ ఎక్కువగా పొరబడతారు, మాటకు మాట అర్థం చెప్పేస్తారు కాబట్టి. ఇలాంటి వరస ఎదురైతే ముందు అంకెలుగా పెట్టి చూడండి.

తేదీ లెక్క పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు. యాంకర్‌కు అది వచ్చి ఉంటే సగం తప్పులు షూటింగ్ దగ్గరే దొరికిపోతాయి. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. మాసం పుష్యమో మాఘమో ఫాల్గుణమో అయి, ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉంటే 79 కలపాలి. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం శక 1084, మాఘమాసం నాటిది. 78 కలిపి 1162 అని చెప్పేవాళ్ళున్నారు, సరైనది 1163 జనవరి. ఇక సరిచూసే పద్ధతి. శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగించండి. వచ్చే శేషం ప్రభవ నుంచి లెక్కపెడితే ఎన్నో సంవత్సరమో చెబుతుంది, శేషం సున్నా అయితే అక్షయ. 1084కి 12 కలిపితే 1096, శేషం 16, పదహారోది చిత్రభాను. శాసనంలోనూ చిత్రభానే ఉంది. రామప్ప గుడి శాసనం శక 1135, శ్రీముఖ. 1147ను 60తో భాగిస్తే శేషం 7, ఏడోది శ్రీముఖ. సముద్ర వ్యాపారులకు అభయమిస్తూ కాకతీయ రాజు గణపతిదేవుడు వేయించిన మోటుపల్లి శాసనం శక 1166, క్రోధి. శేషం 38, అదీ సరిపోతుంది.

శేషం, సంవత్సరం పేరు కుదరలేదంటే చదవడంలోనే తేడా వచ్చిందని అనుమానించాలి. అరిగిన రాతిలో పాత తెలుగు అంకెలు ౩, ౬ ఒకదానికొకటిగా కనిపిస్తాయి, ౧ చుట్టూ పెచ్చు ఊడితే సున్నాలా ఉంటుంది. ఒకట్ల స్థానంలో తప్పు చదివితే ఈ లెక్క వెంటనే పట్టిస్తుంది, పదుల స్థానంలోనూ చాలావరకు పట్టిస్తుంది. తేడా సరిగ్గా అరవై గానీ, కొన్ని అరవైలు గానీ అయితే మాత్రం పట్టించదు. పదుల స్థానంలో ఆరు తేడా వచ్చినా, వందల స్థానంలో మూడు తేడా వచ్చినా అంతే. 1135ను 1435గా చదివితే, మధ్య దూరం సరిగ్గా అయిదు అరవైలు కాబట్టి శేషం అదే వస్తుంది. అప్పుడు లిపిని, రాజు పేరును చూసి తేల్చాలి. పదమూడో శతాబ్దపు అక్షరాలకూ పదహారో శతాబ్దపు అక్షరాలకూ తలకట్టు దగ్గరే తేడా తెలుస్తుంది, చూసి అలవాటైనవాళ్ళు ఒక్క ఫోటోతో చెబుతారు.

ఇప్పుడు ఆ ఫోటో గురించి. అక్షరాలు కనిపించాలని రాతి మీద సున్నం, పిండి, పసుపు, కొబ్బరినూనె పూస్తున్నారు, లేదంటే సుద్దముక్కతో దిద్దుతున్నారు. సుద్దతో దిద్దినప్పుడు కెమెరాకు కనిపించేది దిద్దినవాడు ఊహించిన అక్షరం. ఆ తర్వాత వచ్చేవాళ్ళంతా ఆ ఊహనే చదువుతారు. నూనె దుమ్మును పట్టి కొన్నాళ్ళకు నల్లటి పొరగా గట్టిపడుతుంది. సున్నం గాళ్ళలో కూరుకుపోతే అక్షరం లోతు పోతుంది, గీకితే అంచు పోతుంది. ఇవేవీ అవసరం లేదు. మీ దగ్గరున్న చిన్న ఎల్ఈడీ లైటు చాలు.

పొడి బట్టతోనో మెత్తటి బ్రష్షుతోనో దుమ్ము దులపండి. నాచు ఉంటే మంచినీళ్ళతో తడిపి పీచుతో మెల్లగా రుద్దండి, ఇనుప బ్రష్షు, యాసిడ్ వద్దు. కెమెరాను ట్రైపాడ్ మీద పలకకు సరిగ్గా ఎదురుగా, లెన్సు మధ్య పంక్తి ఎత్తులో ఉండేలా బిగించండి. 10 సెంటీమీటర్ల కొలబద్ద పలక అంచున పెట్టండి. ఫ్లాష్ ఆపేయండి. ఎదురుగా పడే వెలుగులో నీడ ఉండదు, నీడ లేనిచోట గాడి కనిపించదు. లైటును పలక పక్కకు తెచ్చి, వెలుగు రాతిని రాసుకుంటూ పోయేలా 10, 15 డిగ్రీల వాలులో పట్టుకోండి. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, పైనుంచి ఒకటి, కింది నుంచి ఒకటి, కెమెరా కదలకుండా నాలుగు ఫోటోలు తీయండి. ఎడమ వెలుగులో అడ్డగీతలు మాయమవుతాయి, పై వెలుగులో నిలువుగీతలు మాయమవుతాయి. అందుకే నాలుగూ కావాలి. పగలు తీయాల్సి వస్తే నల్లటి గుడ్డ అడ్డం పెట్టి నీడ చేసుకోండి, లేకపోతే పొద్దు వాలేదాకా ఆగండి. పలక పొడవైతే భాగాలుగా తీసి, ప్రతి రెండు ఫోటోల్లో కనీసం రెండు పంక్తులు ఉమ్మడిగా ఉండేలా చూడండి. అక్షరాలు వెలుగులోకి వస్తున్న ఆ నిమిషం మీ కార్యక్రమానికి కూడా మంచి దృశ్యమే. బోసి రాయిలా ఉన్నది లైటు పక్కకు జరిగేసరికి పంక్తులు పంక్తులుగా తేలుతుంది.

కాగితం మీద నకలు తీయడం వేరే పని. చేతితో చేసిన కాగితాన్ని తడిపి రాతికి అంటించి, మధ్యనుంచి అంచులకు బ్రష్షుతో కొడుతూ గాలి బయటికి పంపాలి. కాగితం గాళ్ళలో దిగి, తడి ఇంకా కొంచెం మిగిలి ఉన్నప్పుడు, సిరా అద్దిన మెత్తతో తట్టాలి. అక్షరం తెల్లగా, చుట్టూ నల్లగా వస్తుంది. సిరా పలచనైతే, లేదా కాగితం మరీ తడిగా ఉంటే రంగు రాతికి దిగిపోతుంది. అనుభవం లేనివాళ్ళు దీన్ని కెమెరా ముందు ప్రయత్నించొద్దు. రక్షిత కట్టడంలో అయితే శాఖ అనుమతి లేకుండా అసలే చేయకూడదు.

ఫోటో తీశాక చదివేదెవరు అంటారు. కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగం మైసూరులో ఉంది, అరబిక్, పర్షియన్ శాసనాలకు నాగపూర్‌లో ఉంది. 1887 నుంచి శాసనాల వార్షిక నివేదికలు ఉన్నాయి. ఊరు, రాజు, శక సంవత్సరం, సారాంశం అన్నీ వరస నంబర్లతో ఉంటాయి. "ఇంతవరకు ఎవరూ చదవని లిపి" అని టైటిల్ వేసే ముందు ఆ ఊరి పేరు వాటిలో ఉందేమో వెతకండి. చాలాసార్లు ఉంటుంది.

ఇలా చదివితే మిస్టరీ చప్పబడిపోతుందని మీరు అనుకోవచ్చు. చందుపట్లను చూడండి. నల్లగొండ జిల్లా నకిరేకల్ మండలంలోని ఊరది. రుద్రమదేవి పాలన 1290ల మధ్యదాకా సాగిందని పాత పుస్తకాలు రాశాయి. చందుపట్ల శాసనం ఆ లెక్కను మార్చింది. శక 1211, విరోధి, మార్గశిర శుద్ధ ద్వాదశి. మీరే లెక్కపెట్టండి: 1223లో 60లు తీసేస్తే 23, ఇరవై మూడోది విరోధి, సంవత్సరం 1289. రుద్రమదేవి, మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వారికి పుణ్యంగా పువ్వుల ముమ్మడి అనే ఆయన సోమనాథదేవరకు భూమి ఇచ్చాడని రాయి చెబుతుంది.

రాయి చెప్పేది అంతవరకే. ఎలా చనిపోయారో చెప్పదు. యుద్ధం అనే మాట లేదు, కుట్ర అనే మాట లేదు. తిథి కూడా దానం చేసిన రోజుది, చనిపోయిన రోజుది కాదు. రాణీ, ఆమె సేనాని ఒకే శాసనంలో కలిసి శివలోకం చేరినట్టు ఉండటం, కాకతీయులపై తిరగబడ్డ కాయస్థ అంబదేవుడు మరుసటి ఏడే, 1290లో, త్రిపురాంతకంలో తన విజయాలు చెక్కించుకోవడం, ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఆమె అతనితో పోరులో మరణించిందని చరిత్రకారులు ఊహించారు. బలమైన ఊహే, అయినా ఊహే. మీరు గుడారంలో వెన్నుపోటు దృశ్యం చిత్రీకరిస్తే, తెర మూలన "కల్పిత దృశ్యం" అని అది నడిచినంతసేపూ ఉంచండి, మొదట రెండు సెకన్లు వేసి తీసేయొద్దు. రాయి ఏం చెప్పింది, అంబదేవుడు తన గురించి ఏం చెప్పుకున్నాడు, మనం ఏం కలుపుకున్నాం అని మూడు మెట్లుగా చూపించండి. ఎనభై ఏళ్ళకు దగ్గరపడ్డ రాణి గుర్రమెక్కిందన్న వర్ణనలు ఏ మెట్టు మీద ఉన్నాయో ప్రేక్షకుడికి తనంతట తనకే తెలుస్తుంది. మార్కో పోలోను కూడా ఇలాగే చూడాలి. మోటుపల్లి రాజ్యాన్ని, రాజు పోయాక ఆయన భార్య నలభై ఏళ్ళుగా ఏలుతోందని ఆయన రాశాడు. రుద్రమకు ముందు ఏలిన రాజు గణపతిదేవుడు, ఆమె ఆయనకు కూతురు, భార్య కాదు. విదేశీ యాత్రికుడు రాశాడు కాబట్టి నిజమే అయి ఉంటుందన్న వాదన ఇక్కడే ఆగిపోతుంది.

రామప్ప ఇటుకల విషయంలో ప్రశ్న మార్చితే చాలు. "నీళ్ళలో ఎలా తేలుతుంది?" అన్నది రహస్యం కాదు. పొడి ఇటుకను గ్రాముల్లో తూచి, పొడవు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో హెచ్చవేసి భాగిస్తే ఒకటి కంటే తక్కువ వస్తుంది, అందుకే తేలుతుంది. 20, 10, 5 సెంటీమీటర్ల ఇటుక 1000 గ్రాముల లోపు ఉంటే నీళ్ళపై నిలుస్తుంది, మామూలు ఇటుక అదే కొలతకు 1600 గ్రాములు దాటుతుంది. ముందే తడిసిన ఇటుకతో చేస్తే రంధ్రాల్లో నీరు ఉండి ఫలితం తప్పుతుంది, కాబట్టి ఎండబెట్టాలి. అడగాల్సినది ఇది: మట్టిలో ఏం కలిపారు, ఎంత వేడిలో కాల్చారు, అదే పాళ్ళు బట్టీ అంతటా ఎలా నిలబెట్టారు? ఇది నిజంగా ఒక ఎపిసోడ్‌కు సరిపడే ప్రశ్న. గుడి నుంచి ముక్క ఊడదీయడం మాత్రం ఎవరూ చేయకూడదు, అది 2021 నుంచి ప్రపంచ వారసత్వ కట్టడం కూడా.

లేపాక్షిలో నేలకు ఆనదని చెప్పే వేలాడే స్తంభం కింద గుడ్డ లాగి చూపించడం అందరూ చేశారు. ఇప్పుడు ఆ గుడ్డ ఏ మూల దగ్గర తట్టుకుంటుందో చూపించండి. నేలకు ఆనే మూల ఒకటుంది. కెమెరాను కిందనుంచి పైకి తిప్పి, దూలాలు ఏ పక్క స్తంభాల మీద వాలాయో చూపించండి. సందు కట్టినప్పటిదా తర్వాత వచ్చినదా అని ఒక నిర్మాణ ఇంజినీరును అడగండి. బ్రిటిష్ ఇంజినీరు కదిలించాడన్న కథ చెప్పేటట్లయితే ఆ కాగితం ఏ ఫైలులో ఉందో తెరమీద పెట్టండి. కోహినూర్‌ది కూడా ఇదే దారి. 1739లో నాదిర్ షా ఢిల్లీ దోపిడీ నుంచి ఆధారాలు ఉన్నాయి, 1849లో లాహోర్ ఒప్పందం ఉంది, 186 క్యారెట్ల రాయి 1852లో సాన పట్టాక సుమారు 105కు తగ్గిన లెక్క ఉంది. అంతకుముందు ఏ దేవత కంట ఉందన్నది జనశ్రుతి. జనశ్రుతిగానే చెప్పండి, వినడానికి అప్పుడూ బాగుంటుంది.

భాష గురించి ఒక మాట. "దాచారట", "కట్టారట", "ప్రచారంలో ఉంది", "శాస్త్రవేత్తలకూ అంతుచిక్కలేదు". ఈ నాలుగూ మీ స్క్రిప్టుల్లో ఎక్కువ బరువు మోస్తున్నాయి. ఆ "ట" దగ్గర ఎవరు అన్నారో అడిగి రాయండి. ఊరి పెద్దయితే ఊరి పెద్ద, కైఫీయతు (ఊరి చరిత్ర రాసిపెట్టిన పాత రికార్డు) అయితే కైఫీయతు. ఏ శాస్త్రవేత్త, ఏ సంవత్సరం, ఏ పరీక్ష చేసి ఓడిపోయారో రాయలేకపోతే ఆ వాక్యం తీసేయండి.

చివరిగా చట్టం, చిరునామా. భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి చట్టం చెబుతుంది. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 1958 చట్టం కింద రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఆ కట్టడం చుట్టూ 100 మీటర్లలో నిర్మాణం నిషిద్ధం, ఆపైన 200 మీటర్లు నియంత్రణలో ఉంటుంది. గుప్తనిధి అనే మాట వాడక తప్పని ఎపిసోడ్‌లో ఈ మూడు వాక్యాలు యాంకర్ నోటితోనే చెప్పించండి, కింద స్క్రోలింగ్‌లో వేయొద్దు. కాపలా లేని శిథిలమైతే మండలం పేరు దాకా ఆగండి. డ్రోన్ దృశ్యంలో రోడ్డు మలుపు, చెరువు కట్ట, సెల్ టవర్ కనిపిస్తే చాలు, చోటు దొరికిపోతుంది. ప్రసారానికి కనీసం వారం ముందు సర్పంచ్‌కు, స్థానిక పోలీస్ స్టేషన్‌కు, రాష్ట్ర వారసత్వ శాఖకు తేదీ చెప్పండి. మూసుకుపోయిన బావుల్లోకి, సొరంగాలనే దారుల్లోకి మనిషిని దించొద్దు. అడుగున బొగ్గుపులుసు గాలి నిలిచి ఉంటే మొదటివాడు పడిపోతాడు, అతన్ని లాగబోయిన రెండోవాడూ పడిపోతాడు.

తప్పు చెప్పినట్టు తేలితే సవరణను అదే కార్యక్రమంలో, అదే సమయానికి, అదే యాంకర్ చెప్పాలని అడుగుతున్నాం. యూట్యూబ్‌లో ఉన్న పాత ఎపిసోడ్ టైటిల్ కూడా మార్చాలి, ఎందుకంటే ఏళ్ళ తర్వాత కూడా జనం చూస్తున్నది దాన్నే.

చందుపట్లతో మొదలుపెట్టండి. పొద్దు వాలేవేళ వెళ్ళండి, లైటు ఎడమ పక్క నుంచి పట్టుకోండి, శకవర్షం ఉన్న పంక్తి దగ్గర కెమెరా ఆపి ప్రేక్షకుల చేత 12 కలిపించండి. చదవడానికి మనిషి కావాలంటే మేం వస్తాం, పారితోషికం అక్కర్లేదు.

ఇట్లు,
ఊరూరా శాసనాలు చదివి నకళ్ళు తీసే కొందరం